అక్క సూది సంగతి అడిగినప్పుడు

మా ఇంట్లో టీకా మీద లేనిపోని భయం పుట్టించింది ఫోన్లేనని మావాళ్ళు ఇప్పటికీ అంటారు. ఫోనుకు నోరు లేదు. ఆ భయాన్ని ఎక్కడ ఆగాలో అక్కడ ఆగి, ఎక్కడ గొంతు పెంచాలో అక్కడ పెంచి, ఇంటిల్లిపాదికీ చదివి వినిపించింది నేను. ఇన్నేళ్ళుగా ఈ మాట కాగితం మీద పెట్టలేదు. ఇప్పుడు పెడుతున్నది పుణ్యం వస్తుందని కాదు. నా మీద నాకున్న కోపం ఇంకా చల్లారలేదు, అంతే.

మా మెట్టినిల్లు తమిళనాడులో, గుడియాత్తం నుంచి మోర్ధానా పోయే దారిలో ఒక పల్లె. అత్తవాళ్ళ పూర్వీకులు ఏ కాలంలో ఇక్కడికి వచ్చి పొలాలు సంపాదించారో వాళ్ళకే తెలియదు. ఇంట్లో మాట్లాడేది తెలుగు, పొలంలో కూలివాళ్ళతో తమిళం, ఎద్దులతో ఏది నోటికొస్తే అది. బడిలో మాత్రం అందరూ తమిళమే చదివారు. తెలుగు అక్షరం ఒక్కటి కూడా రాదు. చిత్తూరు వైపు బంధువులు పెళ్ళిపత్రిక పంపితే దాన్ని తలకిందులుగా పట్టుకుని, మూలల్లో పూసిన పసుపు చూసి, శుభకార్యమే అని నిమ్మళించేవారు. ఎవరికి, ఎప్పుడు అనేది ఫోన్ చేసి కనుక్కునేవారు.

నేను పుట్టింది చిత్తూరు దగ్గర. పదో తరగతి దాకా తెలుగులోనే చదివాను. కాపురానికి వచ్చిన మొదటి ఏడాది మా అత్త దేవుడి గూట్లోంచి పసుపుగుడ్డలో చుట్టిన పాత పుస్తకం ఒకటి తీసి నా ఒళ్ళో పెట్టింది. మామగారి తాత ఎప్పుడో కొన్నదట. ఇంటిదేవత కథ అందులో ఉందని అందరికీ తెలుసు, ఆ కథ ఏమిటో ఎవరికీ తెలియదు. ఏటా ఒకసారి మూట విప్పి, కుంకుమ పెట్టి, దండం పెట్టుకుని మళ్ళీ చుట్టేసేవారు. "చదువుమ్మా, ఏముండాదో విందాము" అంది అత్త. చదివాను. సగం కథ అయ్యేసరికి పక్కింటివాళ్ళు కూడా వచ్చి కూర్చున్నారు. ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. వంటలో ఉప్పు సరిపోలేదని, ముగ్గు వంకరపోయిందని అప్పటిదాకా నన్ను తూర్పారబట్టిన మనిషి, ఆరోజు నా చేతికి తానే కాఫీ అందించింది. ఆ తరువాత ఆ ఇంట్లో నాకు పెద్దపీట వేశారు. చదువుకున్న కోడలు అనేవారు. ఆ గొప్ప నాకు బాగా ఒంటబట్టింది, దాచడం దేనికి.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. మావాళ్ళకు తమిళంలో అన్నీ కనిపిస్తాయి. బస్సు బోర్డు, కరెంటు బిల్లు, సినిమా పోస్టరు, గోడ మీద బూతులు, ఓట్ల ముందు ఇచ్చే వాగ్దానాలు. తెలుగులో వాళ్ళు చూసింది దేవుడి పుస్తకం, పెళ్ళిపత్రిక, పెట్టెలో పాత పొలం కాగితాలు. తెలుగు అక్షరాల్లో అబద్ధం ఉండటం వాళ్ళు ఎన్నడూ చూడలేదు. తెలుగు దినపత్రిక ఒక్క నెల తెప్పించి ఉంటే ఆ భ్రమ వదిలేదేమో. నేను తెప్పించలేదు. వాళ్ళ భ్రమలోనే నా పరువు ఉంది మరి.

మా అక్క అంటే మా బావగారి భార్య, నా తోటికోడలు. నాకంటే ఆరేళ్ళు పెద్దది. మేల్పాడి వైపు నుంచి వచ్చిన మనిషి. బడికి ఐదేళ్ళు కూడా పోలేదు. నేను వేలూరులో ఒక బడి ఆఫీసులో గుమస్తాగా చేరినప్పుడు, ఆడది బస్సెక్కి ఉద్యోగానికి పోవడమేమిటని అత్త మూతి ముడుచుకుంటే, "పోనీ అత్తా, ఇంటి పని నేను చూసుకుంటా" అని నన్ను పంపించింది అక్క. ఇరవై ఏళ్ళు పొద్దున్నే నా అన్నం డబ్బా కట్టింది. పెరుగన్నం మీద వడియం పెడితే మెత్తబడుతుందని దాన్ని విడిగా కాగితంలో చుట్టి ఇచ్చేది. నాకు తోడబుట్టిన ఆడపిల్లలు లేరు. ఈవిడ ఉంది కదా అనుకుని ఆ లోటు ఎప్పుడో మరిచిపోయాను.

ఆమెకు షుగరు. నలభై దాటగానే పట్టుకుంది. మందులు వేసుకునేది, కాఫీలో చక్కెర మానేసింది, మామిడిపండు మాత్రం మానలేదు. కాలి బొటనవేలికి పుండు పడి ఒకసారి రెండు నెలలు మానలేదు. జబ్బు గట్టిగా వస్తే తట్టుకునే ఒళ్ళు కాదని ఇంట్లో అందరికీ తెలుసు. అందుకే టీకాలు వచ్చినప్పుడు మొదట వేయించాల్సింది ఆమెకే.

కరోనా మొదటి ఏడాది మా పల్లె మీదుగా పెద్దగా ఏమీ జరగకుండానే పోయింది. గుమ్మానికి వేపాకు కట్టారు, పసుపునీళ్ళు చల్లారు. జబ్బు పట్నంలో ఆగిపోయింది, మా అమ్మవారు ఎల్ల దాటనీయలేదు అని చెప్పుకున్నారు. రెండో ఏడాది టీకా వచ్చింది. పంచాయతీవాళ్ళు ఆటోకు మైకు కట్టి తమిళంలో చెప్పుకుంటూ తిరిగారు. ఆ ఆటో మా వీధిలోకి వస్తే మావాళ్ళు నవ్వేవారు. "దీంట్లో మొన్ననే గదప్పా ఓట్లడిగింది" అన్నాడు పక్కింటాయన.

సరిగ్గా అప్పుడే అత్త తమ్ముడు ఫోన్లో మెసేజీలు పంపడం మొదలుపెట్టాడు. ఆయన పలమనేరు దగ్గర ఉంటాడు. పెద్దమనిషి, నాలుగు ఊళ్ళ పంచాయితీలు తీర్చినవాడు. ఆయన పంపేవన్నీ తెలుగులో ఉండేవి. అత్త ఫోను చేత్తో పట్టుకుని నా రాకకోసం అరుగు మీద కూర్చునేది. నేను బస్సు దిగి వచ్చి కాళ్ళు కడుక్కునే లోపల ఫోను నా మొహం ముందుకు వచ్చేది.

మొదటి మెసేజీ నాకు బాగా గుర్తుంది. సూది వేసుకున్నవాళ్ళు రెండేళ్ళలో ఒక్కొక్కరే రాలిపోతారని, షుగరు ఉన్నవాళ్ళకు మరీ ప్రమాదమని, విదేశాల్లో పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు కుండబద్దలు కొట్టినట్టు చెప్పారని ఉంది. ఏ శాస్త్రవేత్తలో, ఏ దేశమో లేదు. చివర్లో పదిమందికి పంపమని, పంపకపోతే పాపమని ఉంది. మొదటి వాక్యంలోనే అది ఉత్త చెత్త అని నాకు తెలిసిపోయింది. తెలిసీ చదివాను. దేవత కథ చదివే గొంతుతో చదివాను. నాకు ఇంకో గొంతు లేదు. తెలుగు చదవమంటే ఆ ఇంట్లో నాకు వచ్చే గొంతు అదే. చుట్టూ మనుషులు నోళ్ళు వెళ్ళబెట్టి వింటుంటే ఒళ్ళు మరిచిపోయి, "రాలిపోతారు" అన్న చోట ఆగాను కూడా. అక్క గుమ్మంలో నిలబడి వింటోంది.

చదివాక చిన్నగా అన్నాను. "ఇదంతా నిజం కాదత్తా. ఎవురో పొద్దుపోక రాసినారు."

అత్త నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "తెలుగులో రాసిండాది గదమ్మా. నువ్వే గదా చదివినావు."

ఆ మాటకు నా దగ్గర జవాబు ఉంది. తెలుగులో కూడా దొంగలు ఉంటారత్తా, వాళ్ళకూ అక్షరాలు వచ్చు అని చెప్పవచ్చు. చెబితే దేవత కథ కూడా ఎవడో రాసిందే కదా అనే దాకా పోతుంది. అక్కడిదాకా పోయే ధైర్యం నాకు లేదు. నవ్వి ఊరుకున్నాను. ఆ తరువాత వారానికి రెండు మూడు వచ్చాయి. అన్నీ చదివాను. ఒకసారి తలనొప్పిగా ఉందని తప్పించుకోబోతే అత్త ముఖం చిన్నబోయింది. వెంటనే కళ్ళజోడు పెట్టుకున్నాను.

ఒకరోజు పొద్దున నర్సమ్మ ఇంటికి వచ్చింది. మా పల్లెలో పుట్టిన బిడ్డలందరికీ చుక్కలమందు వేసిన మనిషి ఆమె. చంకలో పెద్ద పుస్తకం, చెమటకు తడిసిన మాస్కు. ఊళ్ళో మూడు వీధులు తిరిగితే నలుగురి పేర్లు కూడా పుస్తకంలోకి ఎక్కలేదట. షుగరు ఉన్నవాళ్ళకు ముందు వేయాలి, రేపు బడిలో క్యాంపు ఉంది, ఆధార్ కార్డు పట్టుకొని రమ్మని తమిళంలో చెప్పింది. అక్క అప్పటికే లోపలికి పోయి రేకుపెట్టెలోంచి కార్డు తీసి చేత్తో పట్టుకుని వచ్చింది.

"కార్డు ఎందుకు తీస్తివి?" అంది అత్త.

"చూపించేదానికే అత్తా. రాసుకుంటారంట."

"రాసుకునేదేంది? పెద్దాయన పలమనేరు నుంచి అంత వివరంగా రాసి పంపితే విన్న్యావు గదా. ఇంట్లో పెట్టు పో."

నర్సమ్మ నా వైపు చూసింది. నేను ఆఫీసుకు బయల్దేరి చెప్పులు వేసుకుంటున్నాను. ఇద్దరికీ ముఖపరిచయం ఉంది. వేలూరులో ఉద్యోగం చేసేది, ఈవిడైనా ఒక మాట అంటుంది అనుకుని ఉంటుంది. బస్సుకు టైమైందని నేను గేటు దాటాను. వెనక నుంచి ఆమె గొంతు వినిపించింది. మీరు పిల్లలకు వేయించేటప్పుడు నా చేతిలో ఏముందని అడిగినారా, అప్పుడు లేని అనుమానం ఇప్పుడెక్కడినుంచి వచ్చింది అంటోంది. అక్క కార్డు మళ్ళీ పెట్టెలో పెట్టేసి ఉంటుంది.

ఇక నా సంగతి. ఆ వారంలోనే మా బడి యాజమాన్యం ఆఫీసువాళ్ళందరూ టీకా వేసుకుని తీరాలని ఆర్డరు వేసింది. నాకు లోలోపల ఎంత నిమ్మళమైందో చెప్పలేను. నేనుగా తేల్చుకోనక్కర లేదు, పైవాళ్ళు చెప్పారు, అయిపోయింది. వేలూరు సత్తువాచారిలో ఒక కల్యాణమండపంలో వేశారు. పెళ్ళికూతురు కూర్చునే గదిలో నర్సులు కూర్చున్నారు. చేయి చాచాను. చీమ కుట్టినంత నొప్పి. అరగంట కూర్చోమన్నారు, కూర్చున్నాను. బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుని, ఇంట్లో చెప్పాలా వద్దా అని ఆలోచించాను. బస్సు పళ్ళికొండ ఊరు దాటే లోపల వద్దని తేల్చుకున్నాను.

ఎందుకు వద్దు అని ఇప్పటికీ నన్ను నేను నిలదీస్తుంటాను. అత్త కొట్టదు, తిట్టదు. "నువ్వే చదివి, నువ్వే పోయి ఏసుకున్న్యావా" అంటుంది. అంతే. ఆ ఒక్క మాట పడలేక దాచాను. చదువుకున్న కోడలు అబద్ధం చదివిందని తేలిపోతుంది, తేలితే నా పెద్దపీట పోతుంది. ఇంతకంటే పెద్ద కారణం వెతికితే దొరకలేదు.

మర్నాడు ఆదివారం. జ్వరం, ఒళ్ళునొప్పులు, చేయి లేవలేదు. బస్సులో ఎండ దెబ్బ తగిలిందని చెప్పాను. అత్త నమ్మింది. అక్క శొంఠి కషాయం పెట్టి తెచ్చింది, నుదుటి మీద తడిగుడ్డ వేసింది, రవికె మార్చుకుంటానంటే సాయం పట్టింది. ఎండకు పోయేటప్పుడు కొంగు నెత్తిన వేసుకోమంది. సాయంత్రానికి జ్వరం దిగింది. మా ఆయన ఒక్కడికే చెప్పాను. పాలవ్యాను తోలే మనిషి, పొద్దస్తమానం బండిలోనే ఉంటాడు. "మంచిదే అయింది, అమ్మతో మాత్రం అనద్దు, ఇల్లు కిష్కింధ అయిపోతాది" అన్నాడు. ఆయనా నాలాగే, గొడవ లేకపోతే చాలు.

పదిరోజుల తరువాత అక్క అడిగింది.

ఆ ఏడాది చింతపండు బాగా దిగింది. సెలవు రోజు మధ్యాహ్నం, అత్త లోపల కునుకు తీస్తోంది. అక్కా నేనూ వసారాలో కూర్చుని చింతపండు కొట్టి గింజలు తీస్తున్నాము. చేతులు నల్లగా జిగురు పట్టి ఉన్నాయి. మోర్ధానా డ్యాము నీళ్ళు కాలవకు వదిలారని, బావ పొలానికి పోయాడని, ఏవో మాటలు. మధ్యలో ఉన్నట్టుండి అడిగింది.

"మ్మే, నేను ఆ సూది ఏసుకోవచ్చునా, వద్దా?"

ఇంకో గుప్పెడు చింతపండు ముందుకు లాక్కున్నాను. తల ఎత్తలేదు. "అందరూ వద్దంటా ఉండారు కదక్కా."

"అందరి మాట నాకు తెలుసులే. నీ మాట అడగతా ఉండా."

అంత సూటిగా నన్ను ఆ ఇంట్లో ఎవరూ ఏమీ అడగలేదు. అత్త నిద్రపోతోంది. చుట్టూ ఎవరూ లేరు. నేను వేసుకున్నానక్కా, ఒక రోజు జ్వరం వచ్చింది, పోయింది, రేపు నాతో బస్సెక్కు, నేను వేయించుకొస్తా అనవచ్చు. ఇన్ని మాటలు కూడా అక్కర లేదు. చేయి చూపించినా చాలు. లోపల్నుంచి అత్త దగ్గిన చప్పుడు వినిపించింది.

"నా మాటా అదేక్కా. నీకు షుగరు ఉండాది. ఇప్పుడొద్దులే. నాలుగు నెలలు పోనీ, చూద్దాము."

అక్క నా మొహంలోకి ఒక నిమిషం చూసింది. "సరి" అంది. మళ్ళీ గింజలు తీయడం మొదలుపెట్టింది. ఆ సంగతి మరి ఎత్తలేదు.

షుగరు మాట ఎందుకు అన్నానో తెలుసా. అబద్ధానికి కాస్త కాళ్ళు ఉండాలని. ఆ ముక్క నేను చదివిన మెసేజీలోదే. ఎవడో తలకుమాసినవాడు రాసిన దాన్ని నా నోటితో, నా సొంత మాటగా, నన్ను నమ్మి అడిగిన మనిషి చేతిలో పెట్టాను.

నెల తిరక్కముందే జబ్బు మా ఇంట్లోకి వచ్చింది. బస్సులో వేలూరు పోయి వచ్చే నేను తెచ్చానో, చింతపండు అమ్మడానికి గుడియాత్తం పోయి వచ్చిన బావ తెచ్చాడో ఎవరికీ తెలియదు. అత్తకు వారం రోజులు దగ్గు, నీరసం. బావకు జ్వరం. మా ఆయన మూడు రోజులు పడుకున్నాడు. నాకు రెండు రోజులు గొంతు మంట, వాసన తెలియకపోవడం, అంతే. ఇంట్లో లేచి తిరిగింది నేనొక్కదాన్నే. అందరికీ గంజి కాచి పోశాను. "నీ ఒళ్ళు గట్టిదమ్మా" అంది అత్త. నేను గంజి గిన్నెలు తీసుకుని పెరట్లోకి పోయాను.

అక్కకు నాలుగో రోజు ఆయాసం మొదలైంది. ఆరో రోజు పొద్దున గుడియాత్తం తీసుకుపోయాము. ఇక్కడ కాదు, వేలూరు పొమ్మన్నారు. వేలూరులో ఒక రోజంతా తిరిగాక మంచం దొరికింది. ఎక్కడ చూసినా అంతే, ఎవరినీ తప్పు పట్టలేను. వాళ్ళు కూడా కాళ్ళ మీద నిలబడలేక నిలబడి పని చేస్తున్నారు. లోపలికి తీసుకుపోయే ముందు ఒక డాక్టరమ్మ, చిన్నపిల్ల, నన్ను అడిగింది. టీకా వేసుకుందా అని. లేదన్నాను. ఎందుకు వేసుకోలేదని అడగలేదు, కాగితం మీద రాసుకుంది. మీరు అని అడిగింది. వేసుకున్నానన్నాను. తల ఎత్తి నన్నూ, స్ట్రెచర్ మీద ఉన్న అక్కనూ చూసింది. అక్కకు మూతికి గొట్టం పెట్టి ఉంది, కళ్ళు మూసుకుని ఉంది. వినలేదనే ఇన్నాళ్ళూ అనుకున్నాను.

ఐదు రోజులు ఉంది. లోపలికి ఎవరినీ పోనీయలేదు. ఐదో రోజు మధ్యాహ్నం పిలిచి చెప్పారు. ప్లాస్టిక్ లో చుట్టి ఇచ్చారు. పసుపు కుంకుమ పెట్టలేదు, కొత్త చీర కట్టలేదు, ఊరికి తేలేదు. వేలూరులోనే, కవచాలు తొడుక్కున్న మనుషులు తీసుకుపోయి కాల్చారు. బావ ఇరవై అడుగుల దూరంలో నిలబడి దండం పెట్టాడు. ఇంత బతుకు బతికిన మనిషికి ఆ పోవడం ఏమిటని నేను బస్టాండు దాకా ఏడుస్తూ నడిచాను.

ఊళ్ళో ఏమన్నారో విన్నారా? ఆసుపత్రికి తీసుకుపోయినందుకు పోయిందన్నారు. ఇంట్లోనే ఉంచి ఉంటే బతికేది, చూడు, ముసలావిడ డెబ్బై దాటినా ఇంట్లోనే కోలుకుంది కదా అన్నారు. ఆ మాటలు అన్నవాళ్ళే నెల తిరిగేసరికి బడి ముందు ఎండలో వరసకట్టి నిలబడ్డారు. కళ్ళముందు ఒక మనిషి పోతేగాని నర్సమ్మ మాట చెవికెక్కలేదు. అత్త అప్పుడూ పోలేదు. కొండకు పోవాలంటే టీకా కాగితం చూపించాలని ఆ తరువాత తెలిసింది. తెలిసిన మర్నాడే నా చేయి పట్టుకుని పోయి వేయించుకుంది. "ఏముండాది దీంట్లో, ఊరికే భయపడితిమి" అంది తిరిగి వచ్చేటప్పుడు. అక్క ప్రాణానికి పనికిరాని సూది దర్శనానికి పనికొచ్చింది. నడిరోడ్డు మీద ఆవిడ చేయి వదిలేసి పోవాలనిపించింది. వదల్లేదు. ఆవిడను అనడానికి నేనెవరిని?

పలమనేరు ఆయనకు ఒకసారి ఫోన్ చేశాను. కర్మకు రాలేకపోయినందుకు బాధపడ్డాడు. "మీరు పంపిన మెసేజీలు వినే మామా, ఆమె ఏసుకోకుండా ఆగిపోయింది" అన్నాను.

"నేను రాసినానామ్మా? వచ్చింది పంపినా. మంచి చెడ్డ మీరు చూసుకోవల్ల గదా."

"మరి మీరు?"

"మేమా? మేము రెండూ ఏసుకుంటిమి. పిలకాయలు ఒప్పుకుంటారా, కారెక్కించుకుని పోయినారు."

నోటికొచ్చినట్టు తిట్టాలని మాటలు కూడగట్టుకున్నాను. ఒక్కటీ బయటికి రాలేదు. తాను వేసుకుని ఇంకొకరిని వద్దన్నవాడిని తిట్టే నోరు నాకు ఎక్కడిది? ఫోన్ పెట్టేశాను.

మోయలేక మోయలేక ఏడాదికర్మ అయిన వారానికి బావకు చెప్పేద్దామని పొలానికి పోయాను. ఆయన మాటకారి కాదు. అక్క పోయాక ఆ నాలుగు మాటలూ తగ్గిపోయాయి. కొబ్బరితోటలో నీళ్ళు మళ్ళించడానికి మడవ కడుతున్నాడు. గట్టు మీద నిలబడి చెప్పాను. నేను ముందే వేసుకున్నాను బావా, అక్క అడిగితే దాచాను, వద్దన్నాను, అని. ఏడుస్తూ చెప్పాను. తిడతాడని, పారతో కొట్టినా కొట్టవచ్చునని సిద్ధపడే పోయాను.

ఆయన తల ఎత్తలేదు. "తెలుసమ్మా" అన్నాడు.

మడవకు ఇంకో పార మట్టి వేశాడు.

"ఆమెకూ తెలుసు. నీకు జొరం వచ్చిన దినమే నాతో చెప్పింది. రవికె మార్చేటప్పుడు చేతి మీద గుర్తు చూసిందంట. ఎవురితోనూ అనద్దు, అత్త వింటే ఆ పిల్లని నిలవనీదు అనింది." పార ఒడ్డున పెట్టి చేతులు కడుక్కున్నాడు. "అట్లయితే నువ్వూ ఏసుకో, అమ్మకు నేను చెప్పుకుంటాలే అంటిని. చెల్లిని అడిగి చూస్తా, ఆ పిల్ల సరి అంటే పోదాము అనింది."

"అడిగినాక ఏమనింది బావా?" అడిగాను.

"ఏసుకున్న మనిషే నన్ను వద్దంటా ఉండాది. తనకు లేని భయం నాకోసరం పడతా ఉండాదంటే, షుగరు ఉండేవాళ్ళకు అది ఒంటికి పడదని ఆ పిల్లకు యాడనో తెలిసిండాది. నా మంచి కోరే చెప్తా ఉండాది అనింది. నేనూ సరే అంటిని."

ఆయన మళ్ళీ పార తీసుకుని నీళ్ళు అవతలి వరసకు మళ్ళించాడు. నేను గట్టు మీదే కూర్చుండిపోయాను. నేను అబద్ధం చెప్పగలనని అక్కకు ఒక్కసారి కూడా తోచలేదు.